చావుపాటలు - చిట్టాకెక్కని పద్దులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. గురువు నొద్ద కూర్చుండి చదివినవాడను గాను. తాతతండ్రులు ఈ ఊరి కరణములు. 1984లో ఆ పదవి రద్దయిన పిమ్మట నేనును ఊరి లెక్కలలోనే జీవనము గడుపుచున్నాను. పగలు అడంగలు, రాత్రి వావిళ్లవారి టీకాతాత్పర్యముల సాయముతో భారతము, రఘువంశము - ఇదియే నా చదువు. అట్టి నన్ను ఈ రజతోత్సవమున మాట్లాడుమని పిలుచుట ఉత్సవసంఘమువారి సౌజన్యమే గాని నా యోగ్యత కాదు.

మన జానపదుల చావుపాటలను గూర్చి మాట్లాడుదునని నేను తెలుపగా సంఘములోని పెద్ద యొకరు, "శుభమా యని పండుగ చేసికొనుచుండగా చావు మాట ఎందుకయ్యా?" అనిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని నేను వారికి మనవి చేసినది మీకును మనవి చేసెదను. మనము ఆదికావ్యమని నెత్తిన పెట్టుకొను రామాయణము ఎట్లు పుట్టినది? జంటగా నున్న క్రౌంచపక్షులలో ఒకదానిని నిషాదుడు కొట్టగా, నేలబడిన దానిని జూచి రెండవది ఏడ్వగా, వాల్మీకి శోకము శ్లోకమయ్యెను. అనగా మన కవిత్వము పుట్టుటయే ఒక హత్యను చూచి పుట్టినది. అంతేకాదు, ఆ మొదటి శ్లోకము చచ్చిన పక్షిని వర్ణింపలేదు. చంపినవానిని ముఖాముఖి నిలదీసినది. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. నేను చెప్పదలచినదంతయు దీనిచుట్టే తిరుగును.

తరువాతి కాలమున మన అలంకారికులు రంగస్థలముపై వధను చూపరాదనిరి. నాటకము మంగళాంతముగా ముగియవలెననిరి. ఆ కట్టడి నాగరకులకు. పల్లెపాట దానికి లోబడలేదు. మన బుర్రకథలలోను, జంగము కథలలోను చావు తెరచాటున జరుగదు. గుమ్మెట మ్రోగుచుండగా నడివీధిలో, నలుగురి కన్నులయెదుట జరుగును. శిష్టకావ్యములలో ఆ ధైర్యము నాకు ఎక్కువగా కన్పడినది తిక్కన తెనిగించిన స్త్రీపర్వములో. అచ్చట గాంధారి యుద్ధభూమిలో నిలిచి ఒక్కొక్క శవమును పేరుపెట్టి చూపును. చూపి చూపి కడకు శ్రీకృష్ణునివైపు తిరిగి, ఆపగల శక్తియుండియు ఆపకపోతివి గనుక దీని భారము నీదే యనును. దేవునికైనను లెక్క అప్పజెప్పుటకు ఆ తల్లి వెనుదీయలేదు. పల్లెలో చావింట శోకాలు తీయు స్త్రీలను మీరు వినియుందురు. వారు గాంధారి యింటి యాడుబిడ్డలే.

మన సీమలో చావుపాటలు ముఖ్యముగా రెండు తెరగులు. ఒకటి వీరుల చావు. రెండవది ఆడవారి చావు.

వీరుల చావు పాటలను గూర్చి నేను విస్తరింపను. అవి ఇదివరకే ఎందరో పెద్దల దృష్టికి వచ్చినవి. శ్రీనాథుడు ద్విపదలో రచించెనని చెప్పబడు పల్నాటి వీరచరిత్ర గలదు. సర్వాయి పాపని పాటను బోయిల్ అను దొర 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించెను. మనకు ఇరుగైన రేనాటిసీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఆయన తలను కోటగుమ్మమునకు చిరకాలము వ్రేలాడదీసిరని చెప్పుదురు. కుంపిణీవారు తలను చూపి జనమును బెదిరింప జూచిరి. జనము ఆ తలను పాటలో ఎక్కించుకొనిరి. తల రాలిపోయినది, పాట రాలలేదు. ఆంగ్లదేశమునందును నేరస్థుని ఉరితీయు దినమున అతని కథను పాటకట్టి, ఒంటికాగితములపై అచ్చువేసి, ఆ గుంపులోనే అమ్మెడివారట. మన జాతరలలో కొన్నాళ్ల క్రిందటివరకు పాటల పుస్తకములు అమ్మినట్లే. ఈ పాటలన్నిటిలో చచ్చినవారు ఎవరో, చంపినవారు ఎవరో దస్త్రములలోను గలదు. పాట దస్త్రమునకు తోడు.

దస్త్రములో లేని చావులు వేరు. అవి ఆడవారివి.

మన జిల్లాలో పుట్టి లోకమునకు తెలిసిన చావుకథ ముసలమ్మది. మీలో అనంతపురము పోయినవారందరు బుక్కరాయసముద్రము చెరువుకట్టమీదుగా నడచియుందురు. పండమేరుకు అడ్డముగా ఆ కట్టను 1364లో బుక్కరాయల మంత్రియైన చిక్కప్ప ఒడయరు కట్టించెనని చెప్పుదురు. ఒకానొక యేట వాన విరుచుకొనిపడి కట్ట తెగ నుండెను. ఊరికి ఊరు కొట్టుకొనిపోవు గడియ. బసిరెడ్డి యింటి కోడలు ముసలమ్మను బలియిచ్చిన గండి నిలుచునని దేవత పలికెనట. పేరు ముసలమ్మయే గాని ఆమె ముసలిది కాదు, చిన్నకోడలు, బిడ్డతల్లి. ఆమె గండిలోనికి పోయెను. కట్ట నిలిచెను. నేటికిని ఆ కట్టపై ఆమెకు గుడి గలదు, పూజ గలదు.

ఈ కథ బ్రౌనుదొర వెలువరించిన అనంతపుర చరిత్రలో నుండగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇరువదియేండ్లు నిండని విద్యార్థిగా నున్నప్పుడు, 1899లో, మదరాసు క్రైస్తవ కళాశాలలో జరిగిన ఒక పోటీకొరకు దీనిని 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైనది వారే. మన నవ్యకవిత్వమునకు అది తొలికిరణమని చెప్పువారు పెక్కుమంది. రాజులను, దేవతలను విడిచి, ఒక కాపుకోడలి చావును కావ్యవస్తువు చేయుట ఆనాటికి చిన్న సాహసము కాదు. విషాదముతో ముగించుట అంతకంటె పెద్ద సాహసము. ఆ కావ్యమున ముసలమ్మ తనంత తాను, ఊరిమేలు కోరి, సంతోషముతో పోవును. చదివినప్పుడెల్ల నా కన్నులు చెమర్చును.

కాని నేను లెక్కల వాడను. కన్నీరు తుడుచుకొన్న వెంటనే ఒక ప్రశ్న పుట్టును. ఆ ఊరిలో ఎందరో యుండగా దేవత చిన్నకోడలినే ఏల కోరెను?

కన్నడసీమ మనకు గోడకు ఆవలనే యున్నది. అచ్చట 'కెరెగె హార' అను పాట గలదు. చెరువుకు హారము, అనగా చెరువుకు బలి, అని అర్థము. కల్లనకేరి గౌడుడు చెరువు త్రవ్వించెను, నీరు పడలేదు. ఒక కోడలిని ఈయవలెనని జోస్యము వచ్చెను. పెద్దకోడలి నిచ్చిన ఇంటి పెద్దరికము పోవునని, చిన్నకోడలు భాగీరథిని నిశ్చయించిరి. భాగీరథి పుట్టింటికి పోయి, తలిదండ్రులు అడిగిన నిజము చెప్పక, ఒక్క చెలికత్తెకు మాత్రము చెప్పుకొని తిరిగివచ్చును. అందరును పోయి గంగపూజ చేసి మరలివచ్చుచు, బంగారుగిన్నె మరచితిమందురు. తక్కిన కోడండ్రు ఎవరును పోరు. భాగీరథి పోవును. ఒక్కొక్క మెట్టు దిగగా నీరు పాదమునకు, మోకాలికి, నడుమునకు ఎక్కివచ్చును. దండులోనుండి వచ్చిన మగడు సంగతి తెలిసికొని తానును ఆ చెరువులోనే దూకును. ఈ పాటలో బలి, త్యాగము అను పెద్దమాటలకంటె ఎక్కువగా చెప్పునది ఆ బంగారుగిన్నె. ఆ గిన్నె మరచిరా, కావలెనని విడిచిరా? పాట చెప్పదు. గిన్నెను మనముందు పెట్టి ఊరకుండును.

ఇది మన సీమకే పరిమితమైన కథయని తలపవలదు. సెర్బియాదేశమున స్కాదరు కోట కట్టుచుండగా, పగలు కట్టిన గోడ రాత్రి కూలుచుండ, ముగ్గురన్నదమ్ములలో చిన్నవాని భార్యను గోడలో పెట్టి కట్టిరని పాట గలదు. పసిబిడ్డకు పాలిచ్చుటకు గోడలో రంధ్రము విడువుడని ఆమె బ్రతిమాలుకొనును. గ్రీసుదేశమున ఆర్తా వంతెనకు మేస్త్రీ భార్య బలియైనది. రుమేనియాదేశమున మనోలే అను శిల్పి మఠము కట్టుచు తన యిల్లాలినే గోడలో పెట్టెను. ఈ దేశముల వారు మన చెరువులను చూడలేదు. మనము వారి వంతెనలను చూడలేదు. అయినను అన్నిచోట్ల పోయినది ఎవరు? ఇంటికి క్రొత్తగా వచ్చినది, కాదనుటకు నోరు లేనిది, అడుగుటకు పుట్టినిల్లు దూరమైనది. దేవత కోరికలలో కూడ మన యింటి పెద్దచిన్నల వరుస కనబడుచున్నది.

ముసలమ్మతల్లిని పూజించువారి మనసు నొప్పించుట నా ఉద్దేశము కాదు. నేనును ఆ గుడిముందు తలవంచినవాడనే. తలవంచినప్పుడు నాలో భక్తి కొంత, సిగ్గు కొంత యుండును. అంతే.

కట్టలకును లెక్కలకును గల చుట్టరికము మాకు తెలిసినంత మరియొకరికి తెలియదు. పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. రెండేండ్లు, దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందు గలదు. లెక్కలవాడనగుట చేత ఆ శాసనమును గూర్చి చదివినప్పుడు నాకు పరమానందమైనది. ఎంత చక్కని పద్దు! చెరువుకు ఆయకట్టు ఎంత, తూములెన్ని, మరువ ఎచ్చట, దశబంధము ఇనాము ఎవరిది - ఇవన్నియు మా చిట్టాలలో తరతరములుగా గలవు. కట్టక్రింద పోయిన ప్రాణముల పేర్లకు మాత్రము చిట్టాలో గడి లేదు. ఆ గడిని పాట పూరించుచున్నది.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పవలసియున్నది. చెప్పుదునా, మానుదునా యని మూడు రాత్రులు ఆలోచించితిని. చెప్పుటయే ధర్మమని తోచినది.

నా చిన్ననాట మా అవ్వ తెల్లవారుజామున రాగులు విసరుచు ఒక పాట పాడెడిది. ఆమె దానిని మా ఇంటికి దంపుటకు వచ్చు స్త్రీలయొద్ద నేర్చినది. అది ఈ ఊరి కోడలొకతె చావుపాట. పొద్దుపొడువక మునుపే కడవ తీసికొని బావికి పోయిన పిల్ల తిరిగిరాలేదు. ఆమె పేరు పాటలో గలదు. ఆమె పెంచిన ఆవుదూడ పేరు గలదు. ఆమెకంటె ముందు బావివైపు ఎవరు పోయిరో, ఆమె వెనుక ఎవరు వచ్చిరో గలదు. చంపినది ఎవరని ఎచ్చటను లేదు. కాని ఒకచోట, నిండిన కడవ గట్టుమీద నిలిచియున్నదని వచ్చును. ఆ మాట వచ్చినప్పుడు అవ్వ ఒక్క క్షణము తిరుగలి ఆపెడిది.

పెద్దవాడనైన పిమ్మట పాత కట్టలు సర్దుచుండగా నాకు చావుపుట్టుకల పుస్తకము కనబడినది. మా తండ్రిగారి ముత్యములవంటి దస్తూరి. ఆ పిల్ల పేరు, వయస్సు. కారణము, "నీళ్లు తోడుచు కాలుజారి బావిలో పడి". నేను చాలసేపు ఆ పుటను చూచుచు కూర్చుంటిని. కాలుజారి పడినదాని కడవ గట్టుమీద నిండుగా ఎట్లు నిలుచును? నీళ్లు తోడి, కడవ దించి, చేతులు ఖాళీ చేసికొన్న తరువాత గదా ఆమె బావిలో పడినది! మా తండ్రిగారిని అడిగితిని. వారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "పెద్దలు చెప్పినట్లు వ్రాసితిని. చిట్టాలో వ్రాయునది వేరు, ఆడవాళ్లు పాడుకొనునది వేరు" అని లేచిపోయిరి. ఆయన అన్యాయపరుడు కాడు. ఒక్క కుంచెము గింజలకైనను తప్పుపద్దు వ్రాయనివాడు. అట్టివాని కలము కూడ ఆ ఒక్కచోట కాలుజారినది.

తండ్రిని తప్పుపట్టుటకు నాకేమి అధికారము గలదు? నా తప్పు అంతకంటె పెద్దది. ఇరువది రెండేండ్ల వయసున పద్యవిద్య పట్టుబడెనను గర్వముతో ఆ పాటను నేను సీసములుగాను, గీతములుగాను మార్చితిని. పల్లెమాటలు తీసివేసితిని. ఆవుదూడను తీసివేసితిని. నిండిన కడవ రసభంగకరమని తోచి దానిని కూడ తీసివేసితిని. అత్తవారి గౌరవము నిలుపుటకై ఆ సాధ్వి తనంత తాను గంగలో లీనమైనట్లు ముగించితిని. ఛందస్సులో దోషము లేదు. యతిప్రాసలు కుదిరినవి. తీసికొనిపోయి అవ్వకు చదివి వినిపించితిని. ఆమె అంతయు ఓపికగా విని ఇట్లనినది: "పద్యం బాగుంది నాయనా. కానీ ఈ పిల్ల ఆ పిల్ల కాదు."

ఆ కాగితములను నేను చించలేదు. నాకు బుద్ధి చెప్పుటకు దాచుకొంటిని. మా తండ్రి భయముచేత ఒక మాట మార్చెను. నేను పాండిత్యముచేత అంతయు మార్చితిని. ఆనాటినుండి నాకు పాటయనిన ఒక గౌరవము ఏర్పడినది. పాట తీర్పు చెప్పదు. తీర్పు చెప్పుటకు పాడువారికి బలము లేదు; వారు ఆ వీధిలోనే బ్రతుకవలెను, ఆ యింటనే కూలికి పోవలెను. అందుచేత పాట పద్దులు మాత్రము వ్రాసి, కూడిక విన్నవారికి విడిచిపెట్టును. బంగారుగిన్నె ఒక పద్దు. నిండిన కడవ ఒక పద్దు. కూడుకొనుట మన పని.

మనది సాలుకు ఇరువదిరెండు అంగుళముల వానతో బ్రతుకు సీమ. అదియును వేళకు రాదు. 1876లో మొదలై రెండేండ్లు పీడించిన ధాత కరువున మన ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను; ఆనాడు పోయినవారి సంఖ్యలు దొరల నివేదికలలో దొరకును, మనుషులు దొరకరు. తమిళసీమలో నల్లతంగాళ్ కథ గలదు. కరువున ఏడుగురు బిడ్డలతో అన్నయింటికి వచ్చిన చెల్లెలికి వదిన పిడికెడు కూడు పెట్టలేదు. ఆమె బిడ్డలను ఒక్కరొక్కరిగా బావిలో వేసి తానును దూకెను. కరువు చంపినదని నివేదిక చెప్పును. గాదెలో గింజలుండగా తలుపు వేసికొన్నవారు ఎవరో పాట చెప్పును. గడచిన మూడు దశాబ్దములలో మన జిల్లాలో వేరుసెనగ పండక, బోరు పడక, అప్పులు తీరక ప్రాణములు తీసికొన్న రైతులెందరో మీకు తెలియును. వారి పేర్లు అర్జీలలో గలవు, పరిహారపు పట్టికలలో గలవు. మన పొరుగువారిలో ఒక్కని చావుకైనను ఈ ఊరిలో పాట పుట్టెనా? నేను వినలేదు. తిరుగలి పోయి పిండిమర వచ్చినది. దంపుడు పోయినది. కలుపుకు మందు వచ్చినది. ఆ శ్రమ తగ్గినందుకు మన ఆడవారికొరకు సంతోషింపవలసినదే. కాని ఆ శ్రమతోపాటు, నలుగురు స్త్రీలు మగవారి చెవి సోకకుండ కూడి పాడుకొను చోటును పోయినది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు నాదొక విన్నపము. ఇరువదియైదేండ్లుగా మనము బయటి పుస్తకములను లోనికి తెచ్చితిమి. ఇకమీదట ఊరిలోనిదానిని గూడ ఒక పుస్తకముగా చేయుదము. గట్టి అట్టగల పెద్ద పుస్తక మొకటి నేను తెచ్చియుంచితిని. దానికి కొన్ని నియమములు. పాడినవారు ఎట్లు పాడిరో అట్లే వ్రాయవలెను, వ్యాకరణము దిద్దరాదు. ఊతపదములు తీయరాదు. ఒకే పాటను ఇద్దరు వేరువేరుగా పాడిన, రెండును వ్రాయవలెను. పాడినవారు ఒప్పుకొన్న వారి పేరు, తేదీ వేయవలెను, ఒప్పుకొనకున్న విడువవలెను. నావంటి పద్యకవి దానిపై కలము పెట్టరాదు.

ఆ పిల్ల పేరు ఈ సభలో నేను చెప్పను. ఆ యింటి మనుమలు, మునిమనుమలు మన నడుమ నున్నారు, వారు మంచివారు. తాతల పద్దు మనుమల తలపై వేయుట ధర్మశాస్త్రము కాదు. కాని పుస్తకములో పేరు వ్రాయుదుము. ఈ మాట ముందుగా వారింటికి పోయి చెప్పితిని. ఆ యింటి పెద్ద కొంతసేపు తలవంచుకొని కూర్చుండి, "వ్రాయండి. మా యింట కూడ ఆ పాట పాడేవారు" అనిరి. ఆ మాటకు నేను సిద్ధముగా లేను. ఇంటికి వచ్చుచు త్రోవపొడవునను దానినే తలచుకొంటిని.

మా అవ్వ పోయి చాలకాలమైనది. ఆ పాట పూర్తిగా వచ్చినవారు నాకు తెలిసి ఊరిలో ఒక్కరే మిగిలియున్నారు. ఆ పెద్దమ్మ ఇప్పుడు వెనుకవరుసలో, గోడకు ఆనుకొని కూర్చున్నది. చెవి సరిగా వినబడదు. నేను చెప్పినదంతయు ఆమెకు వినబడి యుండదు. సభ ముగిసిన పిమ్మట ఆమె లోపలి గదిలో పాడుటకు ఒప్పుకొన్నది. మగవారెవరు నుండరాదనినది. వ్రాయుటకు బడిపిల్లలిద్దరు ఆడపిల్లలను కూర్చుండబెట్టితిమి. నేను గుమ్మము వెలుపల నుందును.